గదిలో ఇతరులు

కణాలను పస్తు పెట్టి అప్పటికి ఇరవై రెండు నిమిషాలైంది. ఇంకో ఎనిమిది నిమిషాలు మాడ్చాలి. ఒబాడియా ముసెంబి నీళ్ళతొట్టి మూత ఎత్తి, గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టిన రెండు చిన్న సీసాలను వేలితో మెల్లగా కదిపి, మళ్ళీ మూత పెట్టాడు. ఒక సీసాలో ఆరోగ్యంగా ఉన్న ఆవు రక్తకణాలు. రెండో దాంట్లో అవే కణాలు, కాకపోతే పశువుల రక్తం పీల్చే గోమార్లు మోసుకొచ్చే జబ్బు పట్టినవి. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. మురికి గంజినీళ్ళలా ఉంటాయి. అతను మాత్రం చూడకుండానే ఏది ఏదో చెప్పగలడు, ఎడమచేతి వైపుది ఎప్పుడూ ఆరోగ్యందే.

బక్కపలచని మనిషి. పొడుగు చేతులు, వాటికి ఒకదాని మీద ఒకటి రెండు జతల తొడుగులు. తెల్లకోటు మోచేతుల దగ్గర ఉతికి ఉతికి పల్చబడిపోయింది. ముఖానికి అడ్డంగా బల్ల మీద మందపాటి ప్లాస్టిక్ తెర, దానికి టేపుతో అంటించిన చేతిగడియారం. పనిలో ఉన్నప్పుడు అతను ఊపిరి కూడా కొలిచి పీలుస్తాడని కుర్రశాస్త్రజ్ఞులు వేళాకోళం చేస్తారు. అబద్ధమేమీ కాదు.

ఈ సాయంత్రం నాలుగింటికి అతని ఉద్యోగం అయిపోతుంది. యాభై అయిదు నిండాయి, ఇంక ఇంటికి పొమ్మంది సర్కారు. అయిదున్నరకు నైరోబీ నుంచి సొంతూరు కితూయికి బస్సు. పెట్టె నిన్ననే కట్టేశాడు. పెట్టె కట్టడానికి పట్టిన సమయం పావుగంట. ఇరవై ఆరేళ్ళు కాపురమున్న గది పావుగంటలో ఖాళీ అయిపోతే మనిషికి ఎలా ఉంటుందో అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ ఎవరికీ చెప్పలేదు.

కబేటె కొండ మీది ఆ పశువుల జబ్బుల పరిశోధనశాలలో అతను పనిచేసే గది వసారా చిట్టచివర ఉంది. గుమ్మానికి రెండు గజాల ఇవతల నేల మీద పసుపుపచ్చ గీత. గుమ్మం పైన ఎర్ర దీపం. దీపం వెలుగుతుంటే గీత దాటకూడదు, దాటకపోయినా నోరు విప్పకూడదు. అర నిమిషం అటూ ఇటూ అయితే పనంతా పాడవుతుంది గనుక ఆ నియమం. కిందటేడు ఊడ్చే మనిషి ఒకడు దీపం వెలుగుతుండగా బకెట్టు ఎక్కడుందని కేకేసి అడిగాడు. సాయంత్రానికి అతనికి ఉద్యోగం లేదు.

దీపం ఆరి ఉన్నప్పుడు కూడా ఎవరూ వచ్చేవారు కాదు లెండి. ఆ గదిలో 'వేడిది' ఉంటుంది. వేడిదంటే పొయ్యి మీద కాగింది కాదు, రేడియోధార్మికత ఉన్న గంధకం చేర్చిన మిథియొనైన్. కణాలు ప్రోటీన్లు కట్టుకోవడానికి వాడే ఇటుకల్లో అదొకటి. ఇంగ్లండు నుంచి సీసపు డబ్బాలో, విమానంలో వస్తుంది. అది బలహీనమైన కిరణం, చేతి తొడుగు దాటి చర్మంలోకి పోవడమే కష్టం. ముసెంబి కోటుకు తగిలించిన, కిరణాలు కొలిచే బిళ్ళ ప్రతి నెలా పరీక్షకు వెళ్ళి 'సున్నా' అనే కబురుతో తిరిగొచ్చేది. అయినా కాంటీనులో అతను కూచున్న బెంచీ మీద ఇంకో మనిషి కూచునేవాడు కాదు. "ముసెంబి పక్కన కూచుంటే దీపం అక్కర్లేదు, ఆయనే వెలుగుతాడు" అని నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. ఊళ్ళో వాళ్ళు మాత్రం నవ్వలేదు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా పిల్లలు పుట్టకపోతే, ఆ గదే అతన్ని లోపల ఎండబెట్టేసిందని తేల్చేశారు. భార్య సియోంబువా కొన్నాళ్ళు వాళ్ళతో పోట్లాడింది, కొన్నాళ్ళు ఏడ్చింది, ఆ తర్వాత ఒకరోజు మాచాకోస్‌లో ఒక మేస్త్రీ ఇంటికి వెళ్ళిపోయింది. ఇప్పుడామెకు నలుగురు పిల్లలు. గదికీ దానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. ముసెంబి పగలు డాక్టరు మాట నమ్మేవాడు, ఊరికి పోయినప్పుడు ఊరి మాట నమ్మేవాడు. అందుకే ఊరికి పోవడం తగ్గించుకున్నాడు.

ముప్పై నిమిషాలూ నిండాయి, ఆకలి మీదున్న కణాలు ఇప్పుడు ఏది పెట్టినా గబగబా లాక్కుంటాయి. తొమ్మిదిన్నరకు ఎడమ సీసాలో వేడిది వేశాడు. సరిగ్గా రెండు నిమిషాల తర్వాత కుడి సీసాలో. సీసపు డబ్బాలో ఇంక చుక్క లేదు, ఇది చివరిది. మళ్ళీ డబ్బా రావాలంటే ఆరువారాలు.

ఈ పని ఏమిటో ల్యాబు బయటి వాళ్ళలో అతను ఒక్కసారే, ఒక్క మనిషికే చెప్పాడు. టీబండి తోసే న్యాగుథికి. మూడేళ్ళ కిందట దీపం ఆరి ఉన్న పూట ఆమె గీత అవతల నిలబడి, "అంత తలుపేసుకుని ఏం వండుతుంటారు లోపల?" అని అడిగింది.

"చపాతీలే అనుకో" అన్నాడు. "వంటింట్లో పొద్దస్తమానం చపాతీలు చేస్తూనే ఉంటారు. ఇప్పుడు చేసినవేవో, అవి ఎటు పోతున్నాయో తెలియాలి. ఎలా తెలుస్తుంది? పది నిమిషాలు పిండిలో పసుపు కలుపుతాను. ఆ పది నిమిషాల్లో చేసినవన్నీ పచ్చగా వస్తాయి. ఆ వెంటనే తెల్ల పిండి బస్తాలకు బస్తాలు గుమ్మరిస్తాను. ఇంక పచ్చవి రావు. అప్పుడా పచ్చ చపాతీలు ఎవరి కంచంలోకి పోయాయి, ఎంతసేపున్నాయి, ఎప్పుడు కనబడకుండా పోయాయి, అంతా పట్టుకోవచ్చు."

"తినేదెవరు?"

"తినేవాళ్ళు లేరు. ఫోటో ఫిల్ము చూస్తుంది అంతే."

"ఇంత చాకిరీ చేసి తినేవాళ్ళు లేరా" అని ఆమె బండి తోసుకుంటూ పోయింది. ఆ మాట అతని మనసులో చాలాకాలం తిరిగింది.

ఆ తెల్లపిండి వంటిదే 'చల్లది', అంటే రేడియోధార్మికత లేని మామూలు మిథియొనైన్. రెండు నీలం మూతల ట్యూబుల్లో నిన్ననే కొలిచి పెట్టుకున్నాడు, సీసాకొకటి. తొమ్మిదీ నలభైకి ఎడమ సీసాలో మొదటి ట్యూబు గుమ్మరించి, వెంటనే కాస్త నమూనా తీసి ఐసులో గుచ్చాడు. కుడి సీసాకు ఇంకా రెండు నిమిషాలుంది.

అప్పుడు వసారాలో టీబండి చక్రాల కిరకిర వినిపించింది. ఆ వేళకు రోజూ వినిపించేదే. గీత అవతల స్టూలు మీద కప్పు పెట్టి, గోడ మీద రెండుసార్లు కొట్టి న్యాగుథి వెళ్ళిపోతుంది. దీపం ఆరాక అతను వచ్చి చల్లారిన టీ తాగుతాడు. పద్నాలుగేళ్ళుగా అంతే. ఈరోజు గోడ మీద చప్పుడైంది గాని చక్రాలు కదల్లేదు.

"ముసెంబిగారూ."

తలెత్తి చూశాడు. న్యాగుథి బొటనవేళ్ళు గీతకు ఆనించి నిలబడి ఉంది. తలకు ఆకుపచ్చ గుడ్డ కట్టుకుంది, కొత్తది. ముఖం కడుక్కుని నూనె రాసుకున్నట్టుంది.

"దీపం వెలుగుతోంది, న్యాగుథీ."

"వెలగనివ్వండి. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడు అడుగుతాను? పద్నాలుగేళ్ళు ఈ స్టూలు మీద కప్పు పెట్టిపోయాను, కాపలా కుక్కకు పెట్టినట్టు."

"చక్కెర సరిగ్గా వేసేదానివి" అన్నాడు, ఏమనాలో తోచక.

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. కోడిని కోస్తాను. సోమవారం పోతే మీ ఊరేం పారిపోదు."

"నేనా?"

"కాదు, మీ వెనకున్న ఫ్రీజరు." ఆమె నవ్వలేదు. గొంతు తగ్గించింది. "నా మొగుడు పోయి పదేళ్ళయింది. నా ఎదురుగా కూచుని తినేవాళ్ళు లేరు. మీకు వడ్డించేవాళ్ళు లేరు. ఇందులో దాపరికం ఏముంది? ఆలోచించుకుని చెప్పండి."

తెరకు అంటించిన గడియారం గంట మోగింది. "అదిగో, మీవాళ్ళు పిలుస్తున్నారు" అని ఆమె బండి తిప్పుకుంది. ముసెంబి బల్ల వైపు తిరిగాడు. పిపెట్ చేతిలోకి తీసుకున్నాడు. కుడి సీసాలోంచి నమూనా తీసి ఐసులో గుచ్చాడు.

ఆ తర్వాత గంటా ఇరవై నిమిషాల సేపు అతను తన జీవితంలో ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాడు. ఇరవై నిమిషాలకు ఒకసారి, నలభైకి ఒకసారి, ఎనభైకి ఒకసారి నమూనాలు తీశాడు. మధ్యలో ఆదివారం ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచించాడు. పెట్టె అడుగున బూడిదరంగు కోటుంది, బయటికి తీసి దులపాలి. ఉత్తచేతులతో పోతే బాగుండదు, తేనె దొరికితే మంచిది. ఆమె ఇంట్లో కుర్చీలు ఎన్ని ఉంటాయో? చర్చిలో పాడే పాట ఒకటి నోట్లోనే కూనిరాగం తీశాడు. గదిలో అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

పదకొండుంబావుకు బల్ల సర్దడం మొదలుపెట్టాడు. వాడేసిన పిపెట్ మొనలు పసుపు డబ్బాలో, తొడుగులు సంచిలో. కిరణాలు పసిగట్టే కౌంటరుతో బల్లంతా వెతికాడు, చప్పుడు లేదు. నీలం మూతల ట్యూబులు రెండూ పారేద్దామని అందుకున్నాడు. ఒకటి తేలిగ్గా ఉంది. రెండోది నిండుగా ఉంది.

మూత విప్పి చూశాడు, చల్లది చుక్క కూడా తగ్గలేదు. కుడి సీసాలో తెల్లపిండి పడలేదు. జబ్బు కణాలు ఆ ఎనభై నిమిషాలూ పచ్చ చపాతీలు చేస్తూనే ఉన్నాయి. కొత్తగా పని నేర్చుకునే ప్రతివాడికీ "ముందు చల్లది, తర్వాతే నమూనా" అని పాతికేళ్ళుగా వల్లెవేయించిన మనిషి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, అదీ సంగతి.

ఐసులో ఎనిమిది ట్యూబులు. ఎడమవి నాలుగు, కుడివి నాలుగు, చూడ్డానికి తేడా లేదు. వచ్చే వారం పరిశోధక విద్యార్థిని చెప్కోరిర్ వాటిలోని ప్రోటీన్లను జెల్ మీద పరిగెత్తించి విడదీస్తుంది, ఫిల్ముకు పెట్టి రెండువారాలు ఫ్రీజరులో ఉంచుతుంది. జబ్బు కణాల్లో ఒక ప్రోటీను పుట్టాక మాయమవుతుందా, గట్టిగా నిలిచిపోతుందా అన్నది ఆమె రెండేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న. ఫిల్ము మీద ఆ ప్రోటీనును చూపే నల్లగీత నిలిచే ఉంటుంది, నిలవడమేం, ఇంకా నల్లబడుతుంది. నిలిచిపోయిందని రాసుకుంటుంది. దాన్ని నమ్మి దూడలకు సూదిమందు తయారుచేయాలని ఇంకెవరో బయల్దేరతారు. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ముసెంబి కితూయిలో మేకల్ని కాచుకుంటూ ఉంటాడు.

చెబితే? ఆమె స్కాలర్‌షిప్ ఈ నెలాఖరుతో సరి. మళ్ళీ వేడిది వచ్చేసరికి ఆమె ఇక్కడ ఉంటుందో లేదో. పైగా సంస్థ పెద్ద డాక్టర్ ఒల్వాల్ మొదట అడిగే ప్రశ్న అతనికి తెలుసు. తొమ్మిదీ నలభై రెండు నిమిషాలకు నిన్నెవరు పిలిచారు? ఆ వేళకు ఆ వసారాలోకి వచ్చే బండి ఒక్కటే.

మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. మింగలేడు, కక్కలేడు.

రెండింటికి కాంటీనులో వీడ్కోలు టీ. గులాబీరంగు పూత పూసిన కేకు, పళ్ళెం నిండా నూనెలో వేయించిన మందాజీలు. డాక్టర్ ఒల్వాల్ భారీ మనిషి, లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. "నేను చదువుకునే రోజుల్లో ముసెంబి నాకు పిపెట్ పట్టడం నేర్పాడు. చేతిమీద కొట్టి నేర్పాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన చేతిలో ఒక్క ట్యూబు తారుమారు కాలేదు. మేమంతా తప్పులు చేశాం, ఆయన చేయలేదు." అందరూ చప్పట్లు కొట్టారు. చెప్కోరిర్ అందరికంటే గట్టిగా కొట్టింది. న్యాగుథి గోడవారన కెటిల్ పట్టుకుని నిలబడి అతన్నే చూస్తోంది. ఒక గళ్ళ దుప్పటి బహుమతిగా ఇచ్చారు. చలి లేని ఊరికి పోయేవాడికి దుప్పటి. మాట్లాడమంటే లేచాడు. "అందరికీ..." అన్నాడు. కూచున్నాడు. పాపం, దుఃఖం వచ్చిందనుకున్నారు.

టీలయ్యాక చెప్కోరిర్‌ను ఫ్రీజర్ల గదిలోకి పిలిచాడు. సన్నగా పొడుగ్గా ఉంటుంది ఆ అమ్మాయి, ఎల్దొరెట్ వైపుది. చదువు పూర్తి కాకముందు నుంచే అతను ఆమెను డాక్టరమ్మా అంటాడు.

"డాక్టరమ్మా, కుడి సీసాలో చల్లది వేయలేదు నేను."

ఆమె నవ్వింది. "పోయే రోజున కూడా భయమేనా, పెద్దాయనా? మీరు మర్చిపోవడమేంటి. నేను మర్చిపోయానంటే నమ్ముతాను."

అతను కోటు జేబులోంచి నీలం మూత ట్యూబు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. నవ్వు పోయింది.

"నాలుగు టైములూ అంతేనా?"

"నాలుగూ."

"డబ్బాలో ఏమైనా మిగిలిందా?"

"చుక్క లేదు."

ఆమె ఫ్రీజరు తలుపుకు వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. "ఈ ఒక్క ఫిల్ము కోసం ఇంటికి పోకుండా కూచున్నాను" అంది చివరికి. "మా అమ్మకు ఆపరేషనయితే కూడా పోలేదు."

"తెలుసమ్మా."

"ఎవరైనా పిలిచారా మిమ్మల్ని? దీపం వెలుగుతుండగా ఎవరైనా వచ్చారా? ఎవరో వచ్చుంటారు. ఊరికే మీ చేతికి ఇలా జరగదు. పేరు చెప్పండి, ఒల్వాల్‌గారితో నేను మాట్లాడతాను. తప్పు మీది కాదంటే ఇంకో డబ్బా త్వరగా తెప్పించమని పట్టుబట్టొచ్చు."

"ఎవరూ రాలేదు."

"పెద్దాయనా."

"ముసలివాణ్ణయ్యాను. మర్చిపోయాను. అంతే."

ఆమె ముఖంలో కోపం, జాలి రెండూ కనిపించాయి. జాలి ఎక్కువ బాధించింది. "చెప్పకుండా పోయుంటే నాకు తెలిసేది కాదు" అంది. తర్వాత, "రిజిస్టరులో రాసి పోండి. నాలుగవబోతోంది, బస్సు తప్పుతుంది" అని ట్యూబు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. మనిషి మంచిదే. కానీ ఆ క్షణంలో అతనికి చెయ్యి అందించేంత మంచితనం ఆమె దగ్గర మిగల్లేదు.

వంటగది ముందునుంచి పోతుంటే న్యాగుథి కప్పులు కడుగుతూ పిలిచింది. "జవాబు చెప్పనేలేదు."

ఆమె చేతులకు నురుగు. వెనక కిటికీలోంచి ఎండ పడుతోంది. అతనికి వెళ్ళాలని ఉంది, ఇంత స్పష్టంగా ఏదీ ఎప్పుడూ కావాలనుకోలేదు. కానీ రేపటికల్లా సంస్థంతా తెలుస్తుంది, ముసెంబి చెయ్యి తప్పిందని. ఆదివారం ఆమె ఇంట్లో కూచుని తిన్నాడని సోమవారానికి తెలుస్తుంది. కబేటెలో నోళ్ళకు తాళాల్లేవు. రెండూ రెండూ కలిపి నాలుగు అనడానికి శాస్త్రజ్ఞుడే కానక్కర్లేదు. ఆమెను ఉద్యోగంలోంచి పంపేస్తే ఆ వయసులో ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు?

"ఊళ్ళో పనుంది, న్యాగుథీ. మేకలు."

"మేకలు" అంది ఆమె.

"తమ్ముడు చూస్తున్నాడు ఇన్నాళ్ళూ. ఇంక నేనే..."

"సరే లెండి." కప్పు బోర్లించింది. "నేనేదో అడిగాను. మీరేం మనసులో పెట్టుకోకండి."

నిజం చెప్పే మనిషి కూడా రోజుకు ఒక్క నిజమే చెప్పగలడేమో. ఆమె ఇంకోమాట అంటుందేమోనని అతను క్షణం నిలబడ్డాడు. ఆమె ఇంకో కప్పు తీసుకుంది.

గదిలోకి వెళ్ళి దీపం స్విచ్చి చూశాడు, ఆరే ఉంది. నాలుగు కుడి ట్యూబుల మీద తన చేతిరాతను స్పిరిటుతో తుడిచి, 'చల్లది వేయలేదు' అని ఎర్రసిరాతో రాశాడు. అప్పుడు గోడ అలమరలోంచి రిజిస్టరు తీశాడు. వేడిది వాడిన ప్రతిసారీ రాయాల్సిన పుస్తకం, ఇది ఏడోది. తేదీ, ఎంత వాడారు, ఎవరు వాడారు, ఏదైనా పొరపాటు జరిగిందా. పొరపాటు గడిలో ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాసి సంతకం చేశాడు. ఆ చెయ్యి ఎక్కడా ఆగలేదు.

చివరి గడి ఒకటి మిగిలింది. దాని పేరు 'గదిలో ఇతరులు'. అతను పేజీలు వెనక్కి తిప్పాడు. నెలల వెంబడి, ఏళ్ళ వెంబడి, ఆ గడిలో పైనుంచి కిందదాకా ఒకటే రాత, ఒకటే మాట: ఎవరూ లేరు. ఎవరూ లేరు. ఎవరూ లేరు. ఇన్నాళ్ళు రాస్తున్నప్పుడు ఏమీ అనిపించలేదు. అన్నీ ఒక్కసారి చూసేసరికి కళ్ళు మండాయి. మళ్ళీ ఈరోజు పేజీకి వచ్చి కలం ఆనించాడు. ఈరోజు వచ్చారు. ఒకరు వచ్చారు. చెయ్యి తనంతట తానే ఆమె పేరు మొదలుపెట్టింది. మొదటి అక్షరం పూర్తయ్యాక ఆగాడు.

నాలుగున్నరకు గేటు దగ్గర కాపలా మనిషికి తాళం చెవి, కోటు బిళ్ళ అప్పగించి, పెట్టె ఒక చేత్తో, దుప్పటి ఒక చేత్తో పట్టుకుని ముసెంబి కొండ దిగిపోయాడు. వెనక్కి తిరిగి చూశాడో లేదో కాపలా మనిషి గమనించలేదు.

గదిలో బల్ల మీద రిజిస్టరు తెరిచే ఉంది. ఆనాటి వరుస చివరి గడిలో 'ఎవరూ లేరు' అని ఉంది, దానికి ముందు ఏ అక్షరమో ఆనవాలు పట్టకుండా పదిసార్లు గీతలు కొట్టి కప్పేసిన ఒక నల్లటి సిరా మచ్చ. ఏడు పుస్తకాల్లో కొట్టివేత అదొక్కటే.